2024–25 వార్షిక నివేదిక: మళ్ళీ మొదలైన హత్య కేసు, మన సంఘం బాధ్యత

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన పనుల్లో చాలావరకు మీ కళ్ళ ముందు జరిగినవే. మూడో వీధి కాలువలో పేరుకున్న పూడిక జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్ళు వర్షాలకు ముందే తీశారు. ఆగస్టు రక్తదాన శిబిరానికి పక్క కాలనీల వాళ్ళు కూడా వచ్చారు. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు చవితి పందిరి ఖర్చు సగానికి తగ్గించి బియ్యం, దుప్పట్లు, పాలపొడి పంపాం. పందిరి చిన్నదైపోయిందని ముఖం ముడుచుకున్న పిల్లలే రాత్రి పొద్దుపోయేదాకా వ్యాన్‌లోకి మూటలు ఎక్కించారు. కమ్యూనిటీ హాలు పైకప్పు మరమ్మతు సగంలో ఆగింది, వేసవిలో పూర్తి చేయాలి. ఆడిటైన లెక్కలు విడిగా జతచేశాం.

మిగతా నివేదికంతా ఒకే విషయం గురించి. డిసెంబరు సర్వసభ్య సమావేశంలో మనం గొంతులు పెంచుకున్నది దాని గురించే. ఆ రోజు రాలేనివాళ్ళకు కూడా పూర్తిగా తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాలుగో వీధి చివరింటి అబ్బాయి ఉద్యోగం కోసం వేరే జిల్లాకు వెళ్ళి అక్కడే హత్యకు గురయ్యాడు. జరిగి చాలా ఏళ్ళయింది. అక్కడి కోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తీర్పు వచ్చాక ఆ తల్లి మొదటిసారి సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకుంది. అయిపోయిందనుకున్నాం. ఈ ఏడాది అప్పీలులో ఆ శిక్ష రద్దయింది. ముద్దాయికి లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టే ఒకరిని ఇచ్చిందట. ఆ లాయరుకు కాగితాలు చదివే వ్యవధి కూడా లేకుండా విచారణ నడిచింది. ముఖ్యమైన సాక్షులను ముద్దాయి తరఫున ఎదురు ప్రశ్నలు అడిగినవాళ్ళే లేరు. అందుకని కేసును మొదటి నుంచి మళ్ళీ విచారించమన్నారు.

ఈ వార్త తెలియగానే సంఘం వాట్సాప్ గ్రూపులో చాలామందికి కోపం వచ్చింది. ఆర్కే బీచ్‌లో కొవ్వొత్తుల ర్యాలీ చేసి ఉరిశిక్ష అడుగుదామని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం దానికి ఒప్పుకోలేదు. విచారణ జరగబోతుండగా మనమే శిక్ష ప్రకటించడం సరికాదన్నది ఒక కారణం. ఆ కుటుంబం మనల్ని ర్యాలీ అడగలేదన్నది అంతకన్నా పెద్ద కారణం.

సమావేశంలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న డబ్బు గురించి. మన పెద్దల్లో ఒకరు, పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇలా అడిగారు: “జడ్జీలు, ప్లీడర్లు, పోలీసులు, రానుపోను ఖర్చులు, ఇన్ని లక్షలు మళ్ళీ పోస్తే పోయినవాడు తిరిగొస్తాడా? అదేదో ఆ ఇంటికిస్తే చెల్లెలి చదువైనా గట్టెక్కుతుంది కదా?” చాలామంది తలూపారు. మంచి మనసుతో అడిగిన ప్రశ్న కాబట్టి జవాబు కూడా జాగ్రత్తగానే చెప్పాలి.

విచారణకు ప్రభుత్వం పెట్టే ఖర్చు ఆపితే ఆ డబ్బు ఆ ఇంటికి రాదు. బాధితులకు పరిహారం వేరే దారి. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 357ఏ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్ అందుకోసమే ఉన్నాయి. నేరం చేసినవాడు దొరక్కపోయినా, విచారణే జరగకపోయినా, ఉచిత న్యాయ సహాయం చూసే న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి ఆ కుటుంబానికి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు. జనవరిలో దరఖాస్తు పెట్టించాం, ఇంకా జవాబు రావాలి.

అసలు ఈ కేసు వద్దనుకునే హక్కు ఆ కుటుంబానికి కూడా లేదు. హత్య కేసులో ఫిర్యాది ప్రభుత్వమే. రాజీ కుదుర్చుకునే నేరం కాదిది. విచారణ ఎలాగూ జరుగుతుంది. కుటుంబం చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ విచారణలో తాము ఎంతవరకు నిలబడాలన్నది.

ఇక కోపం సంగతి. “లాయరుకు టైమ్ ఇవ్వలేదన్న సాకుతో హంతకుణ్ణి వదిలేస్తారా” అని నన్ను కొందరు అడిగారు. నాకూ మొదట కడుపు మండింది. అయితే మన కాలనీలోనే ఉండే న్యాయవాది గారు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు గురించి చెప్పాక నా ఆలోచన మారింది. 2013లో అక్కడ తొమ్మిదేళ్ళ పాప హత్యకు గురైంది. ముద్దాయికి లాయరును ఇచ్చిందీ, అభియోగాలు మోపిందీ ఒకే రోజు. అక్కడి నుంచి రెండు వారాల్లోనే మరణశిక్ష పడింది. అంత వేగంగా న్యాయం జరిగిందని అప్పట్లో ఎంతమంది సంతోషించి ఉంటారో! 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి మళ్ళీ విచారించమంది. ఇలాంటి పెద్ద కేసుల్లో కోర్టు ఇచ్చే లాయరుకు కనీసం పదేళ్ళ ప్రాక్టీసు ఉండాలనీ, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులివ్వాలనీ అప్పుడే చెప్పింది. రెండోసారి కూడా 2022లో మరణశిక్షే పడింది. డీఎన్ఏ సాక్ష్యాన్ని సరిగ్గా పరిశీలించలేదని హైకోర్టు 2023లో మళ్ళీ వెనక్కి పంపింది. 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. పదకొండేళ్ళు! ఆ పాప తల్లిదండ్రులు అన్నేళ్ళూ ఎవరిని ద్వేషించారో ఒక్కసారి ఆలోచించండి.

అంతదూరం పోనక్కర్లేదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరు 27న బి.ఫార్మసీ చదివే అమ్మాయి హత్యకు గురైన కేసు మనందరికీ గుర్తుంది. 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. అతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని ఆ అమ్మాయి తల్లే మొదటి నుంచి మొత్తుకుంది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి, లక్ష రూపాయలు ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. ఆ కేసులో జరిగింది పునర్విచారణ కాదు, తిరిగి దర్యాప్తు. అయినా ఆ తల్లి పట్టుదల చూశాక, బాధిత కుటుంబానికి ఎవరో ఒకరు జైల్లో ఉంటే చాలని నేను అనుకోలేను.

మన నాలుగో వీధి చెల్లెమ్మ కూడా అదే అంది. కోర్టు కాపీలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని సమావేశానికి వచ్చింది. సాక్షుల వాంగ్మూలాల్లో ఒకదానికొకటి కుదరని చోటల్లా పెన్సిల్‌తో గీతలు గీసుకుంది. “అన్నయ్యను చంపింది ఈయనే అయితే ఇంకోసారి కూడా రుజువు కావాలి కదండీ. కాకపోతే నాకు తెలియాలి కదా,” అంది. నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ముందు ఆ మాటే గుర్తొస్తోంది.

తల్లి మాట వేరు. ఆవిడకు ఈ పునర్విచారణ వద్దు. ఇంటికి వెళ్ళి మాట్లాడినప్పుడు ఎందుకో చెప్పింది. మొదటి విచారణలో బెంచ్ క్లర్కు ఒక గుడ్డ సంచీ విప్పి, లక్క సీలు చిట్లగొట్టి, అందులోంచి గళ్ళ చొక్కా తీసి బల్ల మీద పరిచాడట. దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది, నంబరు వేసి. ఈ చొక్కా ఎవరిదమ్మా అని అడిగారు. జేబు కుట్టు విడిపోతే తనే నల్లదారంతో కుట్టింది, ఆ కుట్టు చూపించి నా కొడుకుదే అని చెప్పింది. “మళ్ళా ఆ చొక్కా తీస్తారు బాబూ. మళ్ళా ఆ కుట్టు నేనే చూపించాలి,” అంది. నా దగ్గర జవాబు లేదు.

పునర్విచారణలో ఖర్చంటే నాకు ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఇదే. ప్రభుత్వం లెక్కలో ఇది ఎక్కడా పడదు. తెల్లవారుజామున రైలు, పోయిన కూలి, వాయిదా పడిందని మధ్యాహ్నం తెలిసి తిరిగి రావడం, ఇవన్నీ దాని వెనకాలే వస్తాయి. ఇన్నీ పడ్డాక సాక్షులకు గుర్తులేక, లేదా అడ్డం తిరిగి, కేసు వీగిపోవచ్చు కూడా. బెస్ట్ బేకరీ కేసు చూడండి. 2002 గుజరాత్ అల్లర్లలో వడోదరలోని ఆ బేకరీ మీద జరిగిన దాడిలో పద్నాలుగు మంది చనిపోతే, సాక్షులు భయపడి మాట మార్చడంతో నిందితులందరూ విడుదలయ్యారు. 2004లో సుప్రీంకోర్టు మళ్ళీ విచారించమని చెప్పి, ఆ విచారణను రాష్ట్రం దాటించి మహారాష్ట్రకు మార్చింది. అక్కడ 2006లో తొమ్మిది మందికి యావజ్జీవం పడింది. వాళ్ళలో ఐదుగురిని 2012లో బాంబే హైకోర్టు వదిలేసింది. ఎవరికి అనుకూలంగా చూసినా నిండుగా తృప్తినిచ్చే లెక్క కాదది. కానీ సుప్రీంకోర్టు 2004 ఉత్తర్వులో మనకు పనికొచ్చేది ఒకటుంది. ప్రాసిక్యూటరు ఫీజు, ఖర్చులు మహారాష్ట్ర ముందు చెల్లించి, గుజరాత్ నుంచి రాబట్టుకోవాలని సుప్రీంకోర్టు రాసింది. అంటే మొదటి విచారణ ఎవరి చేతుల్లో చెడిపోయిందో వాళ్ళే రెండోదానికి డబ్బు పెట్టాలి. నా దృష్టిలో న్యాయం అంటే అలా ఉండాలి. మన కేసులో ఆ తప్పు తల్లిది కాదు, చెల్లెలిది కాదు. రైలు టిక్కెట్లు మాత్రం వాళ్ళే కొంటున్నారు.

అందుకని నా అభిప్రాయం ఇది, కార్యవర్గంలో ఎక్కువమంది అభిప్రాయం కూడా. ఈ పునర్విచారణ జరగాలి. ఆ ఇంటికి నిజం తెలిసే దారి ఇంకొకటి లేదు. దాని బరువు మాత్రం ఆ ఇద్దరు ఆడవాళ్ళ మీద వదిలేయకూడదు. తల్లికి దీనివల్ల ఊరట దొరుకుతుందని నేను చెప్పను. దొరక్కపోవచ్చు.

ఈ ఆలోచనతోనే కొన్ని పనులు చేశాం. మన న్యాయవాది గారు ఫీజు తీసుకోకుండా కుటుంబం తరఫున ప్రాసిక్యూషన్‌కు సాయంగా ఉండేందుకు కోర్టు అనుమతి అడిగారు. చట్టం ఆ వీలు ఇస్తోంది. సాక్షుల ప్రయాణ ఖర్చులు ప్రభుత్వం చేత ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది కాబట్టి దానికీ అర్జీ పెట్టాం. వీడియోలో సాక్ష్యం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అందుకని తల్లి సాక్ష్యం విశాఖ కోర్టు నుంచే తీసుకోమని కోరాం. చొక్కా గుర్తుపట్టడం వీడియోలో ఎలా అన్న దగ్గర అది ఆగి ఉంది. సాక్షుల విచారణ మొదలయ్యాక రోజువారీగా సాగించమని కూడా అడిగాం.

ఒక ముఖ్య సాక్షి, అప్పట్లో హోటల్లో వంట చేసిన మనిషి, ఊరు మారిపోయాడు. సమన్లు అందలేదు. ఇచ్ఛాపురం వైపు ఉన్నాడని మన సభ్యుల్లో ఒకరికి తెలిసింది. ఆ చిరునామా పోలీసులకు రాసిచ్చి ఊరుకున్నాం. అతనితో ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడొద్దని మళ్ళీ చెబుతున్నాను. మనం ఫోన్ చేశామని తెలిస్తే సాక్షికి మాటలు నేర్పారంటారు, మొదటికే మోసం వస్తుంది. కేసు వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా ఆపండి.

చందాలతో వచ్చిన రూ.42,000 విడి ఖాతాలో ఉంచాం. ప్రయాణాలకు, కాపీలకు, కూలి పోయిన రోజులకు తప్ప దేనికీ వాడటం లేదు. ఇందులో కొంత ఇచ్చిన ఒక సభ్యుడు ముద్దాయి కుటుంబం పరిస్థితి ఏమిటని కూడా అడిగారు. మంచి ప్రశ్న. అతనికి ఈసారి సరైన లాయరు దొరికాడని మన న్యాయవాది గారు చెప్పారు. అది మన కుటుంబానికీ మంచిదే. ఈసారి తీర్పు ఏదైనా, లాయరు లేడన్న కారణంతో మళ్ళీ కొట్టేసే అవకాశం ఉండదు.

సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, కేసు ముగిసేదాకా ఆ ఖాతాను కొనసాగించడం, అది చాలకపోతే వచ్చే చవితి నిధి నుంచి కలపడం. రెండు, ఇలాంటి కష్టం మన కాలనీలో ఎవరికి వచ్చినా మొదటి వారంలోనే న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి తోడు వెళ్ళేందుకు ముగ్గురితో ఒక చిన్న బృందం. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఆ సాయం దొరుకుతుంది.

తల్లి వెళ్ళక తప్పకపోతే, వాయిదాల రోజుల్లో ఆవిడ పక్కన కూర్చోవడానికి ఆడవాళ్ళు కావాలి. కోర్టు వరండాలో రోజంతా ఉండాల్సి వస్తుంది, ముందు రాత్రే బయలుదేరాలి. వీలున్నవాళ్ళు సమావేశంలోనే పేర్లు ఇవ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి