లూయిస్–క్లార్క్ యాత్ర పత్రాలు: నకలు చూస్తే చాలదు, చదవాలి

సంపాదకులకు నమస్కారం.

మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ అనే సైనికాధికారుల నాయకత్వంలో అమెరికా పడమటి దిక్కుకు 1804–06లో సాగిన యాత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వేసి, మూలపత్రాల నకళ్లు కూడా అచ్చువేయడం సంతోషం. అయితే అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ ఉత్తరం, ఖర్చుల జాబితా, దినచర్య పుట, పటం నాలుగింటినీ పక్కపక్కన పేర్చి, కింద ‘యాత్ర నాటి పత్రాలు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారో చెప్పకపోతే నకలు ఒట్టి బొమ్మగా మిగిలిపోతుంది. ఇలాంటి నకళ్ల సంపుటాలను విద్యార్థుల చేత చదివించేవారికి పనికొస్తుందని కొన్ని వివరాలు రాస్తున్నాను.

ముందుగా పత్రాలను తేదీల వరుసలో పెట్టుకోవాలి. ఈ పని ఒక్కటీ చేస్తే బాగా పాతుకుపోయిన అపోహ ఒకటి తొలగిపోతుంది. నిధులు కోరుతూ జెఫర్సన్ కాంగ్రెస్‌కు రహస్య సందేశం పంపింది 1803 జనవరి 18న. లూయిస్‌కు ఆదేశపత్రం ఇచ్చింది జూన్ 20న. మిసిసిపీ నదికి పడమటనున్న లూసియానా నేలను ఫ్రాన్స్ నుంచి కొన్న ఒప్పందం మీద ఉన్న తేదీ ఏప్రిల్ 30. కాని ఆ కబురు పారిస్ నుంచి వాషింగ్టన్ చేరేసరికి జూలై వచ్చింది. అంటే, కొత్తగా కొన్న నేలను చూసి రమ్మని పంపారన్న మాట నిలవదు. యాత్ర తలపెట్టేనాటికి ఆ నేల పరాయి దేశానిది. సందేశం రహస్యంగా పంపడానికి కారణం అదే. కాంగ్రెస్‌కు వాణిజ్యం పేరు చెప్పి, ఆ నేల తమదనే దేశం మాత్రం దీన్ని విద్యావిషయకమైన ప్రయత్నంగానే చూస్తుందని జెఫర్సన్ అదే సందేశంలో రాశాడు.

ఇక డబ్బు. ఈ యాత్ర పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేవి లెక్కల కాగితాలే అని నా నమ్మకం. మీరు వేసిన జాబితా లూయిస్ తయారుచేసిన అంచనా. మొత్తం 2,500 డాలర్లు. అందులో ఆదివాసులకు కానుకలకు 696, పరికరాలకు 217, మామూలు రేషన్‌కు పైన తీసుకెళ్లే ఆహారానికి 224, మందులకు 55, ఇతర ఖర్చులకు 87. అన్నిటికన్నా పెద్ద పద్దు కానుకలదే. దారిపొడవునా ఎవరి దయ మీద ఆధారపడాలో వాళ్లకు ముందే తెలుసన్నమాట.

ఈ అంచనా పక్కన ఫిలడెల్ఫియాలో చేసిన కొనుగోళ్ల పద్దులు పెట్టి చూడండి. క్రోనోమీటరు అనే ఒక్క కచ్చితమైన గడియారానికే 250 డాలర్లు అయ్యాయి. పరికరాలన్నిటికీ వేసుకున్న అంచనా దానితోనే దాటిపోయింది. అంత పెట్టి కొన్న గడియారం దారిలో పలుమార్లు ఆగిపోయిందని దినచర్యలు చెబుతున్నాయి. గడియారం ఆగితే రేఖాంశం లెక్క తప్పుతుంది. పటంలో తూర్పు పడమరల దూరాలను అంతగా నమ్మలేకపోవడానికి అదొక కారణం. మరగబెట్టి చిక్కబరచిన సూప్ 193 పౌన్లు, అంటే సుమారు 88 కిలోలు, 289 డాలర్ల 50 సెంట్లకు కొన్నారు. పౌను డాలరున్నర. ఆహారానికి రాసుకున్న 224 ఈ ఒక్క సరుకుకే చాలలేదు.

ఇప్పుడు మూడో కాగితం తీయాలి. 1805 సెప్టెంబరు 14న బిట్టర్‌రూట్ కొండల్లో వేట దొరకలేదు. లూయిస్ ఆ సూప్ పంచాడని, అది కొందరికి రుచించక ఒక గుర్రప్పిల్లను చంపి కాల్చుకు తిన్నారని దళంలోని సార్జెంట్ గాస్ పుస్తకంలో ఉంది. మాంసం లేక గుర్రప్పిల్లను చంపవలసి వచ్చిందని, పక్కనున్న వాగుకు ఆ పేరే పెట్టామని క్లార్క్ రాశాడు. అంచనా, బిల్లు, దినచర్య మూడూ కలిస్తేనే ఆ పూట ఆకలి అర్థమవుతుంది.

మొత్తం ఖర్చు 38 వేల డాలర్లు దాటిందనీ, జెఫర్సన్ కాంగ్రెస్‌ను మోసగించాడనీ కొందరు రాస్తుంటారు. తీర్పు చెప్పేముందు ఒక సంగతి గమనించాలి. సైనికుల జీతాలు, మామూలు రేషన్ ఆ 2,500లో లేవు. అవి యుద్ధ శాఖ పద్దు. దేనికి వేసిన అంచనాయో చూడకుండా రెండు మొత్తాలను పోల్చడం సరికాదు.

దినచర్యల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. యాత్రలో దినచర్య రాసినవారిలో లూయిస్, క్లార్క్, ఆర్డ్‌వే, ఫ్లాయిడ్, గాస్, వైట్‌హౌస్‌ల రాతలు ఏదో ఒక రూపంలో మనకు దక్కాయి. వీటిలో చిత్తు ప్రతి వేరు, తీరిగ్గా రాసుకున్న సాపు ప్రతి వేరు. 1805 నవంబరు 7న సముద్రం కనబడిందని క్లార్క్ పొంగిపోయిన పుట నకళ్లలో తరచుగా వస్తుంది. ఆ రోజుకు అతని రాతలు రెండున్నాయి. చిత్తులో ఉన్నది ఒక్క కేక. సాపులో నెమ్మదైన వాక్యాలు, రాళ్లను కొట్టే అలల హోరు వినిపిస్తోందన్న మాటతో సహా. నిజానికి వాళ్లు చూసింది కొలంబియా నది ముఖద్వారపు వెడల్పు నీరు. సముద్రం ఇంకా ముందుంది. ఏ ప్రతి నకలో చెప్పకుండా పుట వేస్తే పాఠకుడికి ఇందులో సగమే అందుతుంది.

ఇంకో చిక్కు. 1806 జనవరి నుంచి, చలికాలం మకాం అయిన ఫోర్ట్ క్లాట్‌సాప్‌లో లూయిస్ రాసినదాన్ని క్లార్క్ దాదాపు మాటకు మాట ఎత్తి రాసుకున్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి నిజమే అనుకుంటే పొరపాటు. అక్కడ సాక్షి ఒక్కడే. ఇక లూయిస్ రోజువారీ రాతలు చాలా నెలలకు అసలు లేవు. 1804 మే నుంచి మరుసటి ఏప్రిల్ వరకు దొరికినవి ముక్కలు మాత్రమే. గాస్ చేతిరాత ప్రతి దొరకలేదు. 1807లో వచ్చిన పుస్తకం మెకీహన్ అనే ఆయన తిరగరాసిన పాఠం. అందులోని నున్నటి వాక్యాలు సార్జెంటువి అనుకోకూడదు. 1810 ఫిలడెల్ఫియా ముద్రణలో చేర్చిన బొమ్మలూ అంతే. యాత్రకు వెళ్లనివారు ఊహించి చెక్కినవి. మీరు వాటిలో ఒకటి వేసి ‘యాత్ర నాటి దృశ్యం’ అన్నారు. దయచేసి సవరించండి.

దస్తూరీ చదవడానికి కొన్ని గుర్తులు. జోడు ‘ఎస్’ వచ్చినచోట మొదటిదాన్ని పొడుగ్గా, ‘ఎఫ్’ అనిపించేలా రాసేవారు. మాటను కుదించి చివరి అక్షరాన్ని పైన చిన్నదిగా వేసేవారు. తేదీ పక్కన ‘ఇన్‌స్ట్’ ఉంటే ఈ నెల, ‘అల్ట్’ ఉంటే కిందటి నెల. ఇది పట్టుకోకపోతే తేదీ ఒక నెల జరిగిపోతుంది. తోడు రమ్మని లూయిస్ 1803 జూన్ 19న రాసిన ఉత్తరానికి క్లార్క్ జూలై 18న జవాబు రాస్తూ, మీ కిందటి నెల 19వ తేదీ ఉత్తరం నిన్నటి టపాలో అందిందన్నాడు. నిర్ణయాల మధ్య అంతంత ఎడం ఎందుకుందో చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు. క్లార్క్ స్పెల్లింగు చెవికి వినబడినట్టు ఉంటుంది. అర్థంకాని మాటను పైకి చదివితే చాలాసార్లు తెలిసిపోతుంది.

అచ్చువేసేవారి వల్ల పోయేవీ ఉన్నాయి. 1814లో వచ్చిన పుస్తకం కోసం ఈ రాతప్రతులను సిద్ధం చేసిన నికొలస్ బిడిల్ వరుసల మధ్య ఎర్రసిరాతో రాశాడు. నలుపు తెలుపుల్లో అచ్చువేస్తే అతని చేర్పులు క్లార్క్ మాటల్లో కలిసిపోతాయి. అంచులు కత్తిరిస్తే పక్కన రాసినవి పోతాయి. కొలత ఇవ్వకపోతే జేబులో పట్టే పుస్తకమో బల్ల మీద పరిచే కాగితమో తెలియదు. అమ్మకానికి వచ్చే కొన్ని సంపుటాల్లో కాగితానికి గోధుమరంగు పూసి, అంచులు కాల్చి పాతదనం తెస్తున్నారు. ఆ మరక చరిత్ర కాదు. కాగితం విషయంలో జెఫర్సన్ శ్రద్ధ వేరు: దినచర్యలకు నకళ్లు తీయాలని, తేమకు త్వరగా పాడవదు కనుక ఒక నకలు బర్చి చెట్టు పట్ట మీద ఉండాలని ఆదేశపత్రంలోనే రాశాడు. 1805 మే 14న పడవ ఒరిగి కాగితాలు, సామాన్లు నీటిపాలు కాబోయినప్పుడు తేలిపోతున్న వాటిలో చాలావరకు అందుకొని కాపాడింది దళంతో నడిచిన షొషోనీ ఆదివాసి స్త్రీ సకాజవియా. మనం ఈ వేళ కాగితాలు చూస్తున్నామంటే ఆమె చలవ కూడా ఉంది.

నకలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. క్లార్క్ గీసిన దారి పటాల్లో కొన్నిటి మూలాలు దొరకవు. 1833లో జర్మన్ యాత్రికుడు మాక్సిమిలియన్ రాకుమారుడి కోసం తీసిన నకళ్ల వల్లనే అవి మనకు తెలుసు. అందుకే ఏది దేనికి నకలో రాసి ఉంచడం ముఖ్యం.

మీ పుటల్లో పెద్ద లోటు అవతలి పక్షం. ఈ దళాన్ని పట్టుకోవడానికి శాంటా ఫే నుంచి స్పెయిన్ అధికారులు మనుషులను పంపిన పత్రాలున్నాయి. 1805 నవంబరు 24న చలికాలం మకాం ఎక్కడన్న దానిపై క్లార్క్ ఒక్కొక్కరి అభిప్రాయం రాసుకున్న పుట ఉంది. అందులో అతని బానిస యార్క్ మాటా, సకాజవియా మాటా నమోదయ్యాయి. మిస్సోరీ నదీతీరపు ఆదివాసులైన అరికరాల నాయకుడు టూ నే గీసిన పటం పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఆయన అధ్యక్షుణ్ని చూడడానికి వాషింగ్టన్ వెళ్లి 1806లో అక్కడే చనిపోయాడు. ఆ సంగతి చెబుతూ జెఫర్సన్ అరికరాలకు ఏప్రిల్ 11న ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు, మాండన్ అనే మరో ఆదివాసి జాతి నాయకుడు షెహెకెను ఇంటికి చేర్చబోయిన పడవల మీద అరికరాలు కాల్పులు జరిపారు.

రెండో భాగం వేసే ఆలోచన ఉంటే, ఆ పటాన్నీ ఆ ఉత్తరాన్నీ ఒకే పుటలో, కత్తిరించకుండా, రంగుల్లో వేయండి. ఒక్కోదాని కింద రాసినవారి పేరు, తేదీ, చిత్తో సాపో, అసలు కొలత, భద్రపరచిన సంస్థ పేరు ఇవ్వండి. పక్కనే పూర్తి పాఠానికి తెలుగు అనువాదం కూడా ఇస్తే ఇంగ్లీషు దస్తూరీ రాని పాఠకులూ చదువుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు