రెండోసారి కొలిస్తే ఎందుకు తగ్గింది?

ఒరేయ్ గడియారం,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ నిన్ను అడిగానని రాయమంది. కబుర్లు అంతే! నీ సినాప్సిస్, అదే అధ్యయనం ప్రణాళిక, చదివిన దగ్గర్నుంచీ ఒక్కటే సంగతి బుర్రలో తిరుగుతోంది, అది చెప్పేస్తే తప్ప ఊరుకోలేను.

పై బీపీ 150 దాటిన 40 మందిని ఏరి, రెండు వారాలు దీర్ఘశ్వాస సాధన చేయించి, మళ్లీ బీపీ చూస్తానన్నావు. ముందు, తర్వాత అంకెలకి పెయిర్డ్ టీ టెస్ట్, అంటే ఒకే మనిషి రెండు అంకెల్నీ పోల్చే పరీక్ష. సాధన చేయించకుండా పోల్చి చూసుకునే కంట్రోల్ గ్రూప్ లేదు. ఒరేయ్, నువ్వు వాళ్లచేత ఏమీ చేయించకపోయినా ఆ బీపీ తగ్గుతుంది!

ఎలాగంటావా? మనిషి బీపీ పూటకో రకంగా ఉంటుంది. మెట్లెక్కి వచ్చి వెంటనే కూర్చున్నా, మూత్రం ఆపుకున్నా, మనల్ని చూసి కంగారుపడ్డా అంకె పైకి పోతుంది. మామూలుగా 142 ఉండేవాడు ఆ రోజు 152 చూపించి నీ జాబితాలోకి ఎక్కేశాడు. మామూలుగా 154 ఉండేవాడు ఆ రోజు 146 చూపించి బయటే ఉండిపోయాడు. గీత గీసి పైనున్నవాళ్లనే ఏరావు కాబట్టి, ఆ పూట ఎక్కువ చూపించినవాళ్లే నీ 40 మందిలో ఎక్కువగా చేరతారు. రెండోసారి కొలిచేసరికి తమ మామూలు అంకె దగ్గరికి దిగుతారు.

దీనికే రిగ్రెషన్ టు ద మీన్ అని పేరు, సగటు వైపు జరగడం. గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1886లో 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తుల్ని వాళ్ల తల్లిదండ్రుల ఎత్తులతో పోల్చి ఇదే చూపించాడు: బాగా పొడుగు తల్లిదండ్రుల పిల్లలు పొడుగే, కానీ సగటున అంత పొడుగు కాదు.

ఎంత తగ్గుతుందో ముందే అంచనా కట్టొచ్చురా! అందరి సగటు 130, రెండుసార్లు కొలిచిన బీపీల మధ్య సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.7 అనుకో. నువ్వు ఏరినవాళ్ల సగటు 160. రెండోసారి రావలసింది 130 + 0.7 × 30, అంటే 151. ఏ సాధనా లేకుండానే 9 దిగింది.

ఇప్పుడు నీ అధ్యయనంలో 12 తగ్గిందనుకో, తేడాల ఎస్డీ (మనిషికీ మనిషికీ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 12. 40 మందికి స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ సగటు అటూ ఇటూ ఊగే మేర, 1.9. తగ్గుదలని దాంతో భాగిస్తే వచ్చే టీ విలువ 6.3. అసలు మార్పే లేకపోతే ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం, అదే పి విలువ, 0.001 కన్నా ఎంతో తక్కువ. చూడగానే గంతులేస్తాం. కానీ ఆ పి విలువ చెప్పేదల్లా ఇంత మార్పు ఊరికే యాదృచ్ఛికంగా రావడం చాలా అరుదని. దేని వల్ల వచ్చిందో అది చెప్పదు. పక్కన 40 మంది కంట్రోల్ గ్రూప్ ఉండి, వాళ్లకి 9 తగ్గిందనుకో. సాధన వల్ల తగ్గింది 3. ఆ రెండు గ్రూపుల తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ 2.7, టీ విలువ 1.1. అదే సాధన, అదే 12, 6.3 కాస్తా 1.1 అయిపోయింది! అలాగని సాధన పనికిరాదని కాదు, 95 శాతం విశ్వాస అవధి (అసలు తేడా ఉండగల మేర) దాదాపు -2 నుంచి 8 దాకా ఉంది, అంటే తేల్చడానికి మనుషులు చాలలేదు. 3 తేడా పట్టుకోవాలంటే, మామూలుగా వాడే మోటు సూత్రం ప్రకారం (16 × (ఎస్డీ ÷ తేడా)²), గ్రూపుకి సుమారు 16 × (12 ÷ 3)², అంటే 256 మంది కావాలి. 8 తేడా చాలనుకుంటే 36 మంది.

కోపం రాలేదు కదా? నీ అంశం మంచిది, పారేయమనడం లేదు. డిజైన్ మార్చు చాలు. మొదటి బీపీ ఏరడానికి మాత్రమే వాడు. ఇంకో రోజు, 5 నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి మళ్లీ కొలువు, అదే నీ ప్రీటెస్ట్, సాధనకి ముందు కొలత. పై లెక్కలో ఆ అంకె 151 దగ్గరే వస్తుంది, కాబట్టి దొంగ తగ్గుదల చాలావరకు ముందే పోతుంది. తర్వాత రెండు గ్రూపులు చెయ్యి. సరి, బేసి అంకెలతో పంచకు, తర్వాత వచ్చేవాడు ఎటు పోతాడో నీకు ముందే తెలిసిపోతుంది. గ్రూపు పేర్లు రాసిన చీటీల్ని బాగా కలిపి, ఒక్కోదాన్ని లోపలిది కనపడని కవర్లో పెట్టి అంటించి, వరస నంబర్లు వేయించు. ఆ పని వేరేవాళ్లతో చేయించు. పోస్ట్‌టెస్ట్, అంటే చివరి బీపీ, కొలిచేవాళ్లకి ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు. కంట్రోల్ వాళ్లకి అన్యాయం అన్నావుగా, అధ్యయనం అయ్యాక వాళ్లకీ సాధన నేర్పు. మందులు ఎవరికీ ఆపకు. ఈ రెండు వారాల్లో ఎవరి మోతాదైనా మారితే తప్పకుండా రాసిపెట్టు, అదీ బీపీని దించుతుంది.

నొప్పి స్కోరుకీ ఇదే తంటా. నొప్పి 8కి చేరిన రోజునే మనిషి చికిత్సకి వస్తాడు, మర్నాడు తగ్గితే... సరే, అది ఇంకోసారి. ఒకే ప్రశ్నపత్రం రెండుసార్లు ఇస్తే మార్కులు ఊరికే పెరగడం గురించి కూడా రాద్దామనుకున్నా, డ్యూటీకి పిలుస్తున్నారు. సినాప్సిస్ ఎప్పటిలోగా ఇవ్వాలో వెంటనే రాయి, మిగతాది రేపు

నీ
మూడో బెంచీ