బుడమేరు వరద క్లెయిమ్‌కు జవాబు చెప్పే మనిషే లేడా?

క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు నా కారు స్టీరింగ్ దాకా నీళ్లలో ఉంది. దాని గురించి కాదు నా బాధ. దసరా పోయింది, దీపావళీ పోయింది, నా కారు బీమా క్లెయిమ్ మీద మీ నుంచి ఔనని గానీ కాదని గానీ ఒక్క ముక్క రాలేదు.

టోల్‌ఫ్రీకి చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు. పాలసీ నంబరు, ఛాసిస్ నంబరు, అంతా మళ్లీ మొదటి నుంచి. విజయవాడ మునగడం దేశమంతా టీవీలో చూసింది. మీ కాల్‌సెంటర్ అమ్మాయి మాత్రం "నీళ్లలోకి ఎందుకు తీసుకెళ్లారు సార్?" అని అడిగింది. ఇంటి ముందు ఆపిన కారమ్మా అంటే హోల్డ్‌లో పెట్టి లైన్ కట్ చేసింది. ఇంకొకతను ఇంజిన్‌కు రాదన్నాడు. ఇంజిన్ ప్రొటెక్షన్‌కు విడిగా డబ్బు కట్టానంటే బ్రాంచిలో కనుక్కోమన్నాడు. బ్రాంచివాళ్లు ఫైలు హైదరాబాద్‌లో ఉందన్నారు. అక్కడేమో నష్టం అంచనా వేసే సర్వేయర్ రిపోర్టు రాలేదట. ఆ సర్వేయర్ నా ఎదుటే ఇంజిన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ లాగి చూశారు, నీళ్లు కలిసి ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది. "స్టార్ట్ చేయకపోవడం మంచిదైంది" అని ఫొటోలు తీసుకెళ్లారు. రిపోర్టు ఎప్పుడో పంపానంటున్నారాయన. ఈలోగా "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని మీ మెసేజ్! అది చూశాక ఒళ్లు మండిపోయింది.

చట్టం తప్పనిసరి అన్నది ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. మిగతాదంతా మీ మీద నమ్మకంతో కట్టాను. నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరిందంటే ఇన్నేళ్లూ మిమ్మల్ని పైసా అడగలేదనేగా? రెన్యువల్ దగ్గర పడితే పొద్దునా సాయంత్రం ఫోన్ చేసే మీవాళ్లు ఇప్పుడేమయ్యారు?

సర్వే రిపోర్టు 15 రోజుల్లో తెప్పించుకోవాలి, అది అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి అని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే స్పష్టంగా చెప్పింది. ఇస్తారో లేదో రాసి, సంతకం పెట్టి పంపండి. ఇవ్వకపోతే ఏ షరతు కింద ఇవ్వరో కూడా రాయండి. నా ఫైలు తెలిసిన ఒక మనిషి పేరు, నంబరు ఇవ్వండి.

ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఈ రోజే ఫిర్యాదు పెడుతున్నాను. నెలలోగా జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మా వీధిలో మీ పాలసీ ఉన్న మిగతావాళ్లనూ వెంట తీసుకొస్తాను.

ఇట్లు,
మీ పాలసీదారు,
సింగ్‌నగర్, విజయవాడ