నాన్నను నిలబెట్టినవారికి కృతజ్ఞతలు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై నాలుగేళ్లుగా హమాలీ. గత ఏడాది సంక్రాంతి వెళ్లాక ఆయనకు ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఉన్నదని, అది అప్పటికే వెన్నెముకకు పాకిందని తెలిసింది. ఆనాటి నుంచి మాకు అండగా ఉన్నవారందరి దగ్గరకూ వెళ్లి చేతులు జోడించాను. అయినా వారు చేసిన మేలు ఎలాంటిదో నలుగురికీ తెలియాలని, నాన్న అనుమతితోనే ఇది రాస్తున్నాను.

మొదట మా వీధిలో ఉండే మాస్టారికి నమస్కారం. ఆయన ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయనకూ ఇదే జబ్బు. అయితే ఏటా చేయించుకునే రక్తపరీక్షల్లో పీఎస్ఏ అనే ప్రోస్టేట్ ప్రొటీను పెరిగినట్టు కనబడి, ఎముకలకు చేరకముందే నాలుగేళ్ల క్రితం బయటపడింది. మా నాన్నకు పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు. నలభై కిలోలు దాటిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, రోజంతా మోసే మనిషికి నడుము నొప్పి వస్తే ఎవరు అనుమానిస్తారు? నొప్పి మాత్రలతో, మర్దనలతో ఎనిమిది నెలలు గడిచిపోయాయి. చివరికి నాన్న నడక చూసి "అమ్మా, ఇది బరువు నొప్పిలా లేదు" అన్నది మాస్టారే. మర్నాడు ఆయనే ఆటో పిలిచి పరీక్షకు తీసుకువెళ్లారు.

ఫలితం వచ్చాక ముందుగా చూపించుకున్న ఒక చోట, నాన్నను కూర్చోమనైనా అనకుండా, "హార్మోను తగ్గించే సూదులకు మీరు డబ్బు పెట్టుకోలేరు, వృషణాలు తీయించుకోండి" అన్నారు. ఈ క్యాన్సర్ పురుష హార్మోను ఆధారంగా పెరుగుతుందని, దాన్ని తగ్గిస్తే జబ్బు అణుగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు చూపారు, అందుకే ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. హార్మోనును తగ్గించడంలో ఆ ఆపరేషనూ, ఇప్పటి సూదులూ సమానమేనని పెద్దాసుపత్రి ప్రాంగణంలోని నాట్కో క్యాన్సర్ కేంద్రంలో డాక్టరుగారు నాన్నను ఎదురుగా కూర్చోబెట్టుకొని వివరించారు. ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ వెనక్కి రాలేమని, సూదులైతే తేదీ తప్పకుండా వేయించుకుంటూ ఉండాలని చెప్పి, ఏది కావాలో నాన్ననే అడిగారు. సూది కోసం మాటిమాటికీ కూలి పోగొట్టుకోలేనని నాన్న ఆపరేషన్‌నే ఎంచుకున్నారు. రెండు చోట్లా తేలింది ఒకటే కావచ్చు, కానీ రెండోచోట నాన్న తన మాట తాను చెప్పగలిగారు. ఆ అరగంటకు డాక్టరుగారికి మేము జీవితాంతం రుణపడి ఉంటాము.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలు పుట్టుకొచ్చి చొక్కా తడిసిపోయేది. రాత్రి నాలుగైదుసార్లు లేచేవారు. తొడల్లో బలం తగ్గింది. ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి పక్కింటి పిల్ల అత్తవారింటికి వెళ్తుంటే వెక్కి వెక్కి ఏడ్చారు. భయపడుతున్నారేమో అనుకొని మేము ధైర్యం చెబుతూ వచ్చాము. అది భయం కాదని, హార్మోను తగ్గితే మనసూ ఇలా అవుతుందని, దాన్ని తప్పుగా చూడవద్దని చెప్పినవారు అక్కడి నర్సమ్మ. ఒకనాడు ఆమె అమ్మనూ నాన్ననూ తెర వెనక్కి తీసుకువెళ్లి చాలాసేపు మాట్లాడారు. ఆ మాటలేమిటో నేను అడగలేదు. ఇంటికి వచ్చాక అమ్మ చాలా రోజుల తర్వాత నాన్న మంచం పక్కనే చాప వేసుకుంది.

హార్మోనును ఇంకా తగ్గించడానికి అబిరాటెరోన్ అనే మందు కూడా ఇచ్చారు. ఆ మాత్రలు నాలుగూ, ఏదైనా తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక గంటపాటు ఏమీ తినకూడదు. తిండితో కలిస్తే మందు రక్తంలోకి మోతాదుకు మించి చేరుతుంది. దానికి తోడుగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మాత్రం తిండితోనే. తెల్లవారకముందే యార్డుకు బయలుదేరే మనిషికి ఇది ఎలా కుదురుతుందో ఆ నర్సమ్మే గంటలు లెక్కగట్టి, బొమ్మలు వేసిన కాగితం ఇచ్చారు. రక్తపోటు, పొటాషియం, కాలేయ పరీక్షల తేదీలు కూడా దానిమీదే ఉన్నాయి. ఎముకలు విరగకుండా కాపాడే సూదికి ముందు పళ్లు చూపించుకోవాలని, సూది మొదలయ్యాక పన్ను తీయించుకుంటే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉందని హెచ్చరించిందీ ఆమే. పుచ్చిన రెండు పళ్లు ముందే తీయించగలిగాము. కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవడం నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయికి కూడా నా కృతజ్ఞతలు.

ఆపరేషన్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద తీరింది. ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకం లేకపోతే మేము ఇల్లు తాకట్టు పెట్టేవాళ్లము. అయితే మూత్రం ఆగక పెట్టుకునే ప్యాడ్లకు, ఆటోలకు, నాన్న మానుకున్న కూలికి ఏ కార్డూ పనికిరాలేదు. అదే మందు ఒక్కో కంపెనీది ఒక్కో ధరకు దొరుకుతుందని మాకు తెలియదు. మందుల షాపు బాబాయి తన లాభం చూసుకోకుండా, డాక్టరుగారిని అడిగి చవకైనది రాయించుకోమన్నారు. మాస్టారు ప్రతి నెలా తన పింఛను రాగానే ప్యాడ్ల పొట్లం మా గడపలో పెట్టి పలకరించకుండానే వెళ్లిపోయేవారు. పింఛను, వైద్య ఖర్చుల వాపసు, ఇంట్లోనే స్నానాలగది ఉన్న తనకే ఇది ఇంత కష్టమైతే మీ నాన్నకు ఎంతో అని ఒకసారి అన్నారు. ఒకే జబ్బు ఒక్కో ఇంటిని ఒక్కోలా బాధిస్తుందని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక నాన్నతో కలిసి బరువులు మోసే హమాలీల జట్టు, ముఠా వారి సంగతి. నాన్న బరువు ఎత్తకూడదు, క్యాన్సర్ చేరిన వెన్నుపూస విరిగితే కాళ్లు పడిపోవచ్చు. బరువు ఎత్తని హమాలీకి యార్డులో చోటు ఉండదని నాన్న బెంగ. ముఠాను నడిపే మేస్త్రీ బాబాయి ఆయనను కాటా దగ్గర టిక్కీల లెక్క చూసే పనికి మార్చారు. సీజనులో ఒక్క నిమిషం తీరిక లేని రోజుల్లోనూ కూలి పంపకంలో ఆయన వాటా తగ్గించలేదు. సెగలు వచ్చినప్పుడు తుడుచుకోవడానికి తడి తువ్వాలు, మూత్రం ఆగనప్పుడు వెళ్లడానికి దగ్గరలోని గది తాళంచెవి నాన్నకు అందుబాటులో ఉంచారు.

చివరి మాట నాన్న చెప్పి రాయించినది: "నా టిక్కీలు మోస్తున్న నలుగురు తమ్ముళ్లకు చెప్పమ్మా, వాళ్ల నడుములో నొప్పి వస్తే నాలాగా మాత్రలు మింగి ఊరుకోవద్దని. నేను వెంటబెట్టుకొని పెద్దాసుపత్రికి తీసుకువెళ్తాను."