కరివేపాకును ఎండలో పెట్టమనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఏడాదికి సరిపడా పొడులు చేసుకోవడం గురించి వేసిన పేజీ చదివాను. కందిపొడికి, నువ్వులపొడికి ఇచ్చిన కొలతలు బాగున్నాయి. కరివేపాకు దగ్గరకొచ్చేసరికి మాత్రం మంచి ఎండలో రెండు రోజులు గలగలలాడేదాకా ఎండబెట్టమన్నారు. నా పేచీ అక్కడే. మా డ్వాక్రా సంఘంలో 11 మందిమి ఆరేళ్లుగా కరివేపాకు పొడి చేసి అమ్ముకుంటున్నాం కాబట్టి ఈ మాట అంటున్నాను.

మొదటి వేసవిలో మాకూ ఇలాగే చెప్పారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన "ఎండకు కరెంటు బిల్లు రాదు కదమ్మా" అన్నాడు. నిజమే కదా అనుకుని రోహిణి కార్తెలో డాబా మీద నల్ల పట్టా పరిచి 12 కిలోల ఆకు పోశాం. సాయంత్రానికే గలగలలాడింది. మా సంబరం చూడాలి! తెల్లారి చూస్తే రంగు వెలిసిపోయి ఎండుగడ్డిలా ఉంది. నలిపి చూస్తే వాసనా అదే. ఆ పొడి తీసుకున్న కొట్టాయన వారం తిరక్కుండా సంచీ వెనక్కి పంపాడు. చీటీ మీద రాసుంది కాబట్టి కరివేపాకని తెలిసిందట.

అప్పుడు మా అత్తగారు పిలిచి, వసారాలో నవారు మంచం వాల్చి దాని మీద పాత పంచె పరిపించారు. ఆకు కడిగి, నీళ్లు ఓడ్చి, తడి ఆరాక రెమ్మల నుంచి దూసి పలచగా చల్లాం. మంచం కాబట్టి కింది నుంచీ గాలి ఆడుతుంది. రోజుకు రెండుసార్లు చేత్తో అటూ ఇటూ కదపడం, అంతే పని. నాలుగు రోజులు పట్టింది. ఆకు ముదురాకుపచ్చగానే ఉంది.

నాకు అనుమానం ఎక్కువ. మరుసటి నెల ఒకే తోట ఆకు, ఒకే రోజు కోసింది తెచ్చి కిలో చొప్పున మూడు వాటాలు వేశాను. ఒకటి డాబా మీద, ఒకటి మంచం మీద, ఒకటి తెలిసినవాళ్ల డ్రయ్యర్‌లో 50 డిగ్రీల దగ్గర. ఎండాక తూచితే మూడూ ఇంచుమించు 360 గ్రాములే. అంటే పోయిన నీళ్లు ఒకటే, తక్కెడకు ఏ తేడా తెలియదు. ముక్కుకు తెలుస్తుంది. మంచం మీద ఆకుకూ డ్రయ్యర్ ఆకుకూ తేడా చెప్పడం కష్టమైంది కానీ, డాబా మీది ఆకును మా చిన్నది కళ్లు మూసుకుని పట్టేసింది.

ఎందుకో చూడాలంటే ఒక పచ్చి ఆకు తుంచి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టండి. సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నిమ్మాకులో, నారింజాకులో కూడా ఉంటాయి, కరివేపాకుదీ ఆ కుటుంబమే. వాసనంతా ఆ నూనెదే. అది వేడికి ఆవిరైపోతుంది. ఆకు ఎండేటప్పుడు డాబా అంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం కానీ, ఆ ఘుమఘుమ మన పొడిలో ఉండాల్సింది. ఇక ఆకుపచ్చ రంగును ఎండే విరిచేస్తుంది.

అన్ని ఆకులకూ ఇదే లెక్క అనడం లేదు. చింతచిగురు, గోంగూర ఎండలో పెట్టినా పులుపు ఎక్కడికీ పోదు, రంగు తగ్గుతుందంతే. మెంతాకు ఎండితే ఇంకా కమ్మగా ఉంటుంది, కసూరి మేతీ అని కొంటున్నది అదే కదా. కొత్తిమీరను మాత్రం ఎండలో పెట్టినా నీడలో పెట్టినా దండగే. మీ పేజీలో ఆకులన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

నీడ పద్ధతికీ ఒక చిక్కుంది. శ్రావణ భాద్రపదాల్లో మా వైపు గాలిలోనే తడి. మంచం మీద ఆకు ఆరు రోజులైనా ఎండదు, నల్లబడుతుంది, ఒక్కోసారి బూజు కూడా పడుతుంది. ఆ రెండు నెలలూ మేం అద్దె డ్రయ్యర్‌కే వెళ్తాం. అక్కడా మీట 70కి తిప్పి తొందరగా కానిచ్చేద్దాం అనుకుంటే ఫలితం డాబా మీద పెట్టినట్టే. ఎండిందా లేదా అన్నది ఆకును బట్టి కాదు, మధ్య ఈనెను బట్టి చూడాలి. ఈనె పుటుక్కున విరగాలి. వంగితే ఇంకో పూట ఉంచాల్సిందే. వేడి మీద డబ్బాలో పోస్తే లోపల చెమటపట్టి ముక్కవాసన వస్తుంది, ఆరనిచ్చి పోయాలి. ఇంట్లో వాడుకునేవాళ్లు ఆకునే దాచుకుని, కావలసినప్పుడు పొడి కొట్టుకుంటే మంచిది.

దయచేసి వచ్చే ఆదివారం ఆ రెండు లైన్లూ సరిచేసి వేయండి. మా పక్కింటావిడ మీ పేపరు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. పొద్దున రెండు కిలోల కరివేపాకు తెచ్చి డాబా ఎక్కబోతుంటే మెట్ల దగ్గర ఆపాను. "పేపర్లో రాశారక్కా" అంటుంది. ప్రస్తుతానికి ఆ ఆకు మా వసారాలో ఉంది.

— ఒక పొదుపు సంఘం సభ్యురాలు, తెనాలి