సాంస్కృతిక, బాలల విభాగం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారం.

మెట్రో మనీలాలోని తెలుగు కుటుంబాల కోసం మన విభాగం ఈ సంవత్సరం చేపట్టిన కార్యక్రమాల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఉగాది పంచాంగ శ్రవణం, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే సజావుగా జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి గారు సమర్పించే లెక్కల్లో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది, సభ్యుల మధ్య ఎక్కువ చర్చకు దారితీసింది ఒక్కటే. అది పిల్లలకు ఫిలిప్పీన్స్ అద్భుత కథాచిత్రాలను చూపించే కార్యక్రమం. అందుకే నివేదికలో అధికభాగం దానికే కేటాయించాను.

ఇంతకుముందు బాలల దినోత్సవానికి మనం వేసినవి పాత తెలుగు జానపద చిత్రాలో, లేదంటే అందరి ఇళ్లలో ఎలాగూ చూసే విదేశీ కార్టూన్లో. ఈ దేశంలో పుట్టి, ఈ గాలి పీలుస్తూ పెరుగుతున్న మన పిల్లలకు ఇక్కడి కథలు చెప్పే నాయనమ్మలు, అమ్మమ్మలు మన ఇళ్లలో లేరు. అంతర్జాతీయ పాఠశాలల్లో చదివేవారికి బడిలోనూ ఆ అవకాశం తక్కువ. స్థానిక బడుల్లో చదివే పిల్లల పరిస్థితి వేరు. ఇక్కడి హైస్కూలు విద్యార్థులు తరతరాలుగా పాఠంగా చదువుతున్న ‘ఇబోంగ్ అదార్నా’ అనే పద్యకథ వాళ్లకు తప్పదు, అయితే ఇంట్లో సాయం చేయడానికి తల్లిదండ్రులకు ఆ కథ తెలియదు. ఈ లోటును కొందరు తల్లులే విభాగం దృష్టికి తెచ్చారు.

కాబట్టి సినిమాకు ముందు కథతో మొదలుపెట్టాం. బెర్బానియా రాజు ఫెర్నాండో పీడకల కని మంచం పడతాడు. అదార్నా అనే పక్షి పాట వింటే తప్ప ఆయన జబ్బు నయం కాదు. పెద్దకొడుకు పెడ్రో, రెండోవాడు దియెగో ఒకరి తరువాత ఒకరు బయలుదేరి, పాట వింటూనే చెట్టు కింద నిద్రపోయి, పక్షి రెట్ట మీద పడటంతో రాళ్లైపోతారు. చిన్నవాడైన హువాన్ దారిలో ఒక కుష్ఠురోగికి తన రొట్టె పెట్టి, ఆ పుణ్యాన ఒక సన్యాసి ఆశ్రయం సంపాదిస్తాడు. పక్షి ఏడుసార్లు ఈకల రంగు మార్చి ఏడు పాటలు పాడుతుంది. పాట పాటకూ హువాన్ అరచేతిని కత్తితో కోసుకుని, ఆ గాయం మీద నిమ్మరసం పిండుకుని, ఆ మంటతో నిద్రను ఆపుకుంటాడు. చేతి మీద నిమ్మకాయ పిండే ఈ ఘట్టం చెబుతున్నప్పుడు హాల్లోని పిల్లలందరూ ఒక్కసారిగా తమ చేతులు వెనక్కి లాక్కున్నారు. తరువాత అన్నలను మళ్లీ మనుషులను చేసిన తమ్ముడిని వాళ్లే కొట్టి, పక్షిని ఎత్తుకుపోతారు.

ఇక్కడికి రాగానే మన పెద్దల్లో ఒకరు “ఇది మన గులేబకావళే కదా” అన్నారు. తండ్రి చూపు కోసం పువ్వు తేవడానికి కొడుకులు బయలుదేరడం, కష్టపడి తెచ్చినవాడి చేతిలోంచి అన్నలు దాన్ని కాజేయడం నిజంగానే ఆ కథలోనూ ఉన్నాయి. ఆ తరువాత అరగంటసేపు రెండు కథలూ కలిసి నడిచాయి. కార్యక్రమ పట్టికలో లేకపోయినా ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే. ఇదే పక్షి కథను 1941లో ఎల్‌వీఎన్ సంస్థ సినిమాగా తీసినప్పుడు, నలుపు తెలుపు ఫిలిం మీద పక్షి కనిపించే చోట చేత్తో రంగులు అద్దారన్న విషయాన్ని కూడా పిల్లలకు వివరించాం. 1997లో వచ్చిన, ఈ దేశపు తొలి పూర్తినిడివి యానిమేషన్ చిత్రానికీ ఇదే కథ ఆధారం.

ప్రధాన ప్రదర్శనకు మాత్రం 2008లో మెట్రో మనీలా చలనచిత్రోత్సవంలో విడుదలైన ‘దాయో: సా ముందో నంగ్ ఎలిమెంటాలియా’ను ఎంచుకున్నాం. రాబర్ట్ కిలావ్ దర్శకత్వంలో, కాగితం వాడకుండా పూర్తిగా కంప్యూటర్ తెర మీదే గీసి తయారుచేసిన చిత్రమిది. మాయమైన తాతయ్యను, అమ్మమ్మను వెతుక్కుంటూ బుబుయ్ అనే కుర్రాడు ఎలిమెంటాలియా లోకంలోకి అడుగుపెడతాడు. గుర్రపు తల, మనిషి ఒళ్లు గల తిక్‌బాలంగ్, చెట్ల మీద కూర్చుని చుట్ట కాల్చే కాప్రే, రాత్రిపూట నడుము దగ్గర రెండుగా విడిపోయి పైభాగంతో ఎగిరే మనానంగ్గల్ వంటివి ఇక్కడి పల్లెల్లో నేటికీ పిల్లలను భయపెట్టే పేర్లు. అలాంటివాటి నడుమ ఆ కుర్రాడి ప్రయాణం సాగుతుంది. కథను ఎంచుకున్న కారణం కూడా చెప్పాలి. తాతల కోసం పిల్లవాడు పడే తపన, తాతలు వేరే దేశంలో ఉన్న మన పిల్లలకు వేరుగా వివరించనక్కరలేదు.

హక్కుదారుల అనుమతి తీసుకున్న తరువాతే ప్రదర్శన ఏర్పాటు చేశాం. చిత్రం ఫిలిపినో భాషలో ఉన్నందున మధ్యమధ్య తెలుగులో వివరించడానికి, ఈ దేశంలోనే దవావో నగరంలో చదువుతూ సెలవులకు మనీలా వచ్చిన తెలుగు వైద్య విద్యార్థులను సిద్ధం చేసుకున్నాం. తీరా సినిమా మొదలయ్యాక వాళ్ల అవసరం అంతగా రాలేదు. స్థానిక బడుల్లో చదివే పిల్లలే లేచి నిలబడి, ఎవరు ఏమన్నారో తమ తల్లిదండ్రులకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పిన వ్యాఖ్యాతల గురించి పుస్తకాల్లో చదివినవారికి ఆ దృశ్యం ముచ్చటగా అనిపించి ఉంటుంది. తెలుగు మాట్లాడటానికి మొరాయిస్తారని మనం ఏటా ఫిర్యాదు చేసే పిల్లలే ఆ సాయంత్రం ఆగకుండా తెలుగు మాట్లాడారన్న సంగతిని కార్యవర్గం ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

అభ్యంతరాలూ వచ్చాయి. పిల్లలకు దయ్యాల సినిమా చూపడమేమిటని ఇద్దరు సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. జానపద విశ్వాసంలో మనానంగ్గల్ నిజంగా భయంకరమైనది, అది గర్భిణుల జోలికి వస్తుందని చెబుతారు. కానీ ఈ చిత్రంలో బుబుయ్‌కి స్నేహితురాలయ్యే ఆనా అనే మనానంగ్గల్ పిల్ల శాకాహారి. ఈ సంగతి తెలిశాక అభ్యంతరం చెప్పినవారిలో ఒకరు, మాంసం ముట్టని తమ ఇంటికి ఆమెను భోజనానికి పిలవవచ్చని నవ్వుతూ అన్నారు. అయినప్పటికీ ఐదేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల పక్కనే కూర్చోబెట్టాలని, సినిమాకు ముందు ఆ ప్రాణుల బొమ్మలను వెలుగులో చూపించాలని నియమం పెట్టుకున్నాం. ఇకముందూ దాన్నే పాటిస్తాం.

పొదలు, పుట్టలు ఉన్న చోట నడిచేటప్పుడు, కంటికి కనిపించని వాళ్లు ఎవరైనా ఉంటే తప్పుకోమని మర్యాదగా అడుగుతూ ఇక్కడివారు “తాబి తాబి పో” అంటారు. పుట్టలో నూనో అనే ముసలివాడు ఉంటాడని వారి నమ్మకం. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఇది కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు మన పిల్లలు సంఘం భవనం వెనుక గడ్డిలో బంతి కోసం వెళ్లేటప్పుడు కూడా ఈ మాట అంటున్నారు.

డిసెంబరులో పిల్లలను చలనచిత్రోత్సవానికి తీసుకువెళ్లాం. క్రిస్మస్ రోజున మొదలై కొత్త సంవత్సరం తొలివారం వరకు సాగే ఈ ఉత్సవకాలంలో థియేటర్లలో ఎంపికైన ఫిలిపినో చిత్రాలే ఆడతాయి. బాప్తిస్మం సమయంలో బిడ్డ బాధ్యత తీసుకునే జ్ఞానపిత, జ్ఞానమాతల (గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్) నుంచి అందిన క్రిస్మస్ డబ్బులతో పిల్లలు సినిమాకు పరుగెత్తే రోజులు కావడం వల్లే అద్భుత కథాచిత్రాలు ఎక్కువగా ఈ సమయంలో వస్తాయి. మనకు సంక్రాంతి సినిమాలు ఎలాగో వీరికి ఇవి అలాగ. ఆ రద్దీలో టిక్కెట్లు దొరకక పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వేర్వేరు ఆటలకు వెళ్లవలసి వచ్చింది. ఈసారి ముందే కొనాలి.

యానిమేషన్ రంగంలో పనిచేస్తున్న మన సభ్యుడొకరు పిల్లలతో మాట్లాడుతూ, మనీలాలో 1980ల నుంచి ఎందరో చిత్రకారులు అమెరికా, జపాన్ సంస్థల కార్టూన్లకు ఒప్పందం మీద బొమ్మలు గీస్తున్నారని, హైదరాబాదులోని స్టూడియోల్లోనూ చాలావరకు ఇదే తరహా పని జరుగుతోందని చెప్పారు. ఇంత నైపుణ్యం ఉండి కూడా సొంత కథతో పూర్తినిడివి చిత్రాలు అరుదుగా ఎందుకు వస్తున్నాయని ఒక అమ్మాయి అడిగింది. పరాయి పనికి జీతం నెలనెలా వస్తుందని, సొంత సినిమాకు పెట్టుబడి ముందుగానే కావాలని ఆయన ఇచ్చిన జవాబు పెద్దలకే ఎక్కువ అర్థమైంది.

వచ్చే ఏడాదికి విభాగం చేస్తున్న ప్రతిపాదనలు ఇవి. ఏటా కనీసం ఒక ఫిలిపినో బాలల చిత్రాన్ని, దానికి ముందు కథ చెప్పే సమావేశాన్ని వార్షిక కార్యక్రమాల్లో చేర్చాలి. ఇరుగుపొరుగు ఫిలిపినో కుటుంబాల పిల్లలను ఆహ్వానించి, మరోరోజు వారికి ఒక తెలుగు జానపద చిత్రాన్ని చూపాలి. అక్కడ వ్యాఖ్యానం మన పిల్లలు ఫిలిపినోలో చేస్తారు. హాలులోని స్పీకర్లు పాతబడి మాటలు గరగరలాడుతున్నందున కొత్తవాటికి నిధులు మంజూరు చేయాలి. సభ్యులు తమ అభిప్రాయాలను సమావేశంలోనే తెలియజేస్తే తీర్మానంలో చేర్చడానికి వీలవుతుంది.

ఇట్లు,
కార్యదర్శి, సాంస్కృతిక, బాలల విభాగం