పొద్దు వాలాక పలకని సహాయ కేంద్రం: ఆరోగ్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారములు.

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే జబ్బు ఉన్న రోగుల సంరక్షకుల కోసం మీరు ప్రారంభించిన సమాచార సహాయ కేంద్రం గురించి నేను రాస్తున్న నాలుగో లేఖ ఇది. మొదటి మూడూ మీ కార్యాలయానికి అందినట్టు రసీదులున్నాయి గానీ ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది, మన్నించగలరు.

మా అమ్మకు డిమెన్షియాల్లో ఒకటైన అల్జీమర్స్ అని తేలి ఆరేళ్లయింది. ఈ జబ్బు ఉన్న చాలామందిలో పొద్దు వాలేసరికి కంగారు, అనుమానం, కోపం పెరుగుతాయన్నది మీ నిపుణులకు తెలియని సంగతి కాదు. ఇది తన ఇల్లు కాదని, తనను ఇంటికి తీసుకెళ్లమని అమ్మ చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడేది ఆ వేళకే, మీ సహాయ కేంద్రానికి తాళం పడేదీ ఆ వేళకే. అప్పుడు ఫోన్ చేస్తే పనివేళల్లో సంప్రదించమని రికార్డు చేసిన గొంతు ఎంతో మర్యాదగా చెబుతుంది. పగటిపూట లైను దొరికిన రోజున వైద్యుణ్ణి కలవమంటారు. వైద్యుడు ఇచ్చే పది నిమిషాలూ మందుల చీటీకే సరిపోతాయి. ఈ పనివేళలు నిర్ణయించినవారెవరూ ఇలాంటి రోగితో ఒక్క సాయంత్రమైనా గడిపి ఉండరని నా అనుమానం.

నిరుడు ఒక వారంలో అమ్మ బొత్తిగా మారిపోయింది. రాత్రంతా లేని మనుషులతో మాట్లాడుతూ, పగలంతా మగతగా పడి ఉండేది. జబ్బు ముదిరిందనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. డిమెన్షియా ఉన్నవారు ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి దిగజారితే ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, మలబద్ధకమో, కొత్తగా వేసిన మందో కారణం కావచ్చని, వెంటనే వైద్యుడికి చూపించాలని మీ రంగుల కరపత్రంలో ఒక్క వాక్యం ఉన్నా ఆ నాలుగు రోజులు ఆమె అలా బాధపడేది కాదు. అందులో వ్యాధి లక్షణాలున్నాయి, మీ ఛాయాచిత్రం ఉంది. లక్షణాలు నాకు తెలుసు, వాటి మధ్యే బతుకుతున్నాను. స్నానానికి ససేమిరా అనే మనిషిని ఎలా ఒప్పించాలో, ఎప్పుడో పోయిన నాన్న ఇంకా రాలేదేమని రోజుకు ఇరవైసార్లు అడిగితే ప్రతిసారీ నిజం చెప్పి ఏడిపించాలో మాట మళ్లించాలో, మింగుడు పడనప్పుడు ఏం పెట్టాలో చెప్పేవారు కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ 2017లో డిమెన్షియాపై ఆమోదించిన ప్రణాళిక, సంరక్షకులకూ కుటుంబాలకూ సహాయం, శిక్షణ 2025 నాటికి 75 శాతం దేశాల్లో అందాలన్న లక్ష్యం పెట్టింది. 'ఐసపోర్ట్' పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిద్ధం చేసిన పాఠాలను ఏ దేశమైనా తన భాషలోకి, తన పరిస్థితులకు తగినట్టు మార్చుకోవచ్చు. అంటే పాఠాలు రాసేవారు కరవయ్యారన్న సాకు కూడా మీకు లేదు. అయినా మా శిక్షణ మాత్రం మూడేళ్లుగా 'త్వరలో'నే ఉంది. కుటుంబ సంరక్షకులు సగటున రోజుకు 5 గంటలు ఈ పనికే వెచ్చిస్తున్నారని ఆ సంస్థే చెబుతోంది. అది చదివి నవ్వొచ్చింది, మా ఇంట్లో అమ్మ నిద్రపోయేదే 5 గంటలు.

ఆ నంబరు రాత్రిపూట కూడా పలికేలా చూడండి. పలికేవారికి ముందుగా శిక్షణ ఇప్పించండి. కరపత్రంలో ఆ ఒక్క వాక్యమైనా చేర్పించండి. ఇవన్నీ పాత లేఖల్లో అడిగినవే. జవాబు ఫోనులో చెప్పదలిస్తే దయచేసి సాయంత్రం కాకముందే చేయించండి. నాకూ పనివేళలున్నాయి, ఆ తర్వాత నేను తలుపు దగ్గర ఉంటాను.

భవదీయురాలు,
ఒక సంరక్షకురాలు